120 ఫీడ్లు, ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్: ఏ రీడర్ పెట్టుకోవాలి?

పాత_టపా:
సైట్లు కొత్తగా వేసినవాటిని జాబితాగా ఇచ్చే ఫీడ్లన్నిటినీ ఒకేచోట చదివించే రీడర్ కావాలి. నావి: తెలుగు బ్లాగులు 70, యూట్యూబ్ ఛానళ్లు 30, వార్తా సైట్లూ ఆర్‌బీఐ ప్రకటనలూ కలిపి ఇంకో 20. పగలు ల్యాప్‌టాప్‌లో, రాత్రి ఫోన్లో చదువుతాను. ఒకచోట చదివింది రెండోచోట మళ్లీ కొత్తదిగా కనబడకూడదు. డబ్బు కట్టకుండా అయిపోతే మరీ మంచిది. ఫీడ్లీ, ఇనోరీడర్, ఆండ్రాయిడ్‌లో ఉండే ఫీడర్ యాప్... ఈ మూడింట్లో ఏది? ఎందుకో కూడా చెప్పండి.

గోదారిగట్టు:
ముందు లెక్క చూడండి. ఉచిత ఖాతాకి ఫీడ్లీ 100, ఓల్డ్ రీడర్ 100, న్యూస్‌బ్లర్ 64, ఇనోరీడర్ 150 ఫీడ్లు ఇస్తాయి. (ఈ హద్దులు మారుస్తుంటారు, చేరేముందు ధరల పేజీ ఒకసారి చూసుకోండి.) మీ 120 పట్టేది ఇనోరీడర్లోనే. అందులో ప్రకటనలు భరించాలి.

అసలు చూడాల్సింది ఫీడు తెచ్చేది ఎవరన్నది. ఏ ఫీడులోనూ సైటులో ఉన్నదంతా ఉండదు, చివరి కొన్ని టపాలే ఉంటాయి. మార్చకుండా వదిలేస్తే వర్డ్‌ప్రెస్‌లో 10, బ్లాగర్‌లో 25, యూట్యూబ్‌లో 15. రోజుకి 100 వార్తలు వేసే సైటు ఫీడులో 20 ఉంటే అది దాదాపు 5 గంటల సరుకే. ఫీడర్ యాప్‌లో ఆ పని ఫోనే చేయాలి. రాత్రంతా నెట్ ఆపేస్తే మధ్యలో జారిపోయినవి ఇక రావు. ఇనోరీడర్ లాంటివాటిలో మీరు నిద్రపోయినా వాళ్ల సర్వరు తెచ్చి దాచిపెడుతుంది.

నెలకి రెండు టపాలు రాసే బ్లాగుకి ఈ బెంగ లేదు. 25 అంటే ఏడాది సరుకు. బ్లాగులు మాత్రమే, అదీ ఫోన్లోనే చదివేవాళ్లకి ఫీడర్ చక్కగా సరిపోతుంది. ఖాతా అక్కర్లేదు, ప్రకటనలుండవు. ఒక్కటే జాగ్రత్త: ఫోను బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయండి. లేకపోతే తెరిచినప్పుడు తప్ప కొత్తవి తేదు, జనం యాప్ పాడైందనుకుంటారు. మీకు ల్యాప్‌టాప్ కూడా కావాలి కాబట్టి అది కుదరదు.

సర్వర్_సాంబ:
కాస్త ఓపికుంటే ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ అనే రీడర్ని మీ సొంత సర్వరు మీద పెట్టుకోండి, హద్దుల గొడవే ఉండదు. ఒక్కరికైతే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. అలాంటిదే మినీఫ్లక్స్ ఇంకా తేలిక, కానీ దానికి పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్ తప్పనిసరి.

డాకర్‌తో (ప్రోగ్రాముని కావలసినవన్నీ కలిపిన పొట్లంలా నడిపే పద్ధతి) ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ పెట్టేవాళ్లు తరచూ తప్పేది రెండుచోట్ల. ఒకటి, క్రాన్ నిమిషాలు, అంటే గంటలో ఏ నిమిషాల్లో ఫీడ్లు తేవాలో, ఇవ్వరు. ఇవ్వకపోతే ఫీడ్లు వాటంతటవి రావు. 13,43 అని ఇస్తే గంటకి రెండుసార్లు తెస్తుంది. 0,30 వద్దు, లోకమంతా ఆ నిమిషానికే సైట్ల మీద పడుతుంది. రెండు, ఫోన్ యాప్‌లో లాగిన్ పాస్‌వర్డే కొడతారు. ముందు అథెంటికేషన్ పేజీలో ఏపీఐకి (బయటి యాప్‌లు కలిసే దారి) అనుమతి టిక్ చేసి, ప్రొఫైల్లో ఏపీఐ పాస్‌వర్డ్ విడిగా పెట్టాలి. ఆండ్రాయిడ్‌లో రీడ్‌యూ, ఐఫోన్లో నెట్‌న్యూస్‌వైర్ దీనికి కలుస్తాయి.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నడిపితే మాత్రం కరెంటు పోయిన గంటలు గోదారిగట్టు గారు చెప్పిన లెక్కలోకే వస్తాయి.

పాత_టపా:
ఇనోరీడర్‌తోనే మొదలుపెట్టాను, థాంక్సండీ. మూడు చిక్కులు. కొన్ని బ్లాగులు మూడు లైన్లే చూపిస్తున్నాయి. యూట్యూబ్ నిండా షార్ట్సే. ఒక పత్రిక ఫీడు ఎర్రర్ ఇస్తోంది.

గోదారిగట్టు:
మూడు లైన్లు: రీడర్ తప్పు కాదు, బ్లాగరే సెట్టింగుల్లో ఫీడుకి పూర్తి టపా బదులు ముక్క పెట్టుకున్నారు. మర్యాదగా ఒక వ్యాఖ్య పెట్టి అడగండి, చాలామందికి ఆ సెట్టింగు ఉన్నట్టే తెలీదు.

షార్ట్స్: ఛానల్ ఐడీ యూ, సీ అనే రెండక్షరాలతో మొదలవుతుంది. వాటి చోట యూ, యూ, ఎల్, ఎఫ్ పెట్టి, ఫీడు చిరునామాలో ఛానల్ ఐడీ అన్నచోట ప్లేలిస్ట్ ఐడీ అని మార్చండి. పూర్తి నిడివి వీడియోలే వస్తాయి. యూట్యూబ్ అధికారికంగా చెప్పిన దారి కాదు, ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

సర్వర్_సాంబ:
ఎర్రర్ సంగతి: ఆ చిరునామాని డబ్ల్యూ3సీ ఫీడ్ వాలిడేటర్ అనే తనిఖీ సైటులో వేయండి, ఏ లైన్లో తప్పుందో చెబుతుంది. ఎక్కువగా శీర్షికలో ఆంపర్‌సాండ్ (&) గుర్తుని ఎస్కేప్ చేయకుండా, అంటే దాని కోడ్ రూపంలో రాయకుండా, వదిలేయడమే కారణం. ఫీడ్లు రాసే ఎక్స్‌ఎంఎల్ భాషలో అలాంటిది ఒక్కటున్నా ఫీడు మొత్తం చదవడానికి రాదు. ఆ వార్త ఫీడులోంచి కిందికి దిగిపోగానే దానంతటదే బాగవుతుంది, కాబట్టి తీసేయకుండా ఒక రోజు ఆగండి. అక్షరాలు మాత్రం పిచ్చిగీతల్లా వస్తుంటే అది వేరే జబ్బు: యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలని అంకెలుగా దాచే పద్ధతి) రాసి, ఫీడు పైన ఇంకో ఎన్‌కోడింగ్ ప్రకటించారన్నమాట. అది పత్రికవాళ్లే సరిచేయాలి.