యెక్వానాలో "అత్త" అంటే అత్తేనా?

గోదారిగట్టు: వారం నుంచి ఒక వాక్యం బుర్ర తొలిచేస్తోంది. వెనిజులాలో ఒరినోకో ఎగువన ఉండే యెక్వానాల గురించి ఎప్పుడో చదివాను. అల్లుడు పెళ్లయ్యాక "అత్త"లోకి కాపురానికి వెళ్తాడని ఉంది. అత్తింట్లోకి అనబోయి అచ్చుతప్పు పడిందా? అసలు వాళ్లు అత్తగారిని ఏమంటారు?

పుస్తకాలపురుగు: తప్పేం లేదు. వాళ్ల "అత్త" అంటేనే ఇల్లు. ఊరంతా ఉండే గుండ్రటి ఇల్లు, ఆకుల కప్పు, నడిమధ్య నిట్రాడు. వాళ్ల సృష్టికర్త వనాది కట్టిన తొలి ఇంటికి నమూనా అట.

కడపకుర్రోడు: చూశారా! మన అత్తిల్లు కాస్తా ఇల్లిల్లు అయింది 😄 యెక్వానా లాంటి చాలా కారిబ్ కుటుంబపు భాషల్లో మేనమామ, మామగారు ఒకటే వరస. దాన్ని ద్రావిడ పద్ధతి అన్నది ఊరికే కాదు. 1871లోనే మానవశాస్త్రవేత్త మోర్గాన్ చెప్పాడు.

పుస్తకాలపురుగు: మోర్గాన్ తమిళ వరసలు పోల్చింది న్యూయార్క్ వైపు ఉండే సెనెకా తెగవాళ్ల వరసలతో. అమెజాన్ ఊసే లేదు. ద్రావిడం పేరుతో ఆ పద్ధతిని విడమరిచింది 1953లో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ద్యూమో. పద్ధతి పేరు అది, రక్తసంబంధం కాదు.

కడపకుర్రోడు: మరి సురినామ్‌లో త్రియోలనే ఇంకో కారిబ్ తెగవాళ్లు అక్కకూతుర్ని చేసుకుంటారే? వాళ్ల పెళ్లిళ్ల మీద రివియేర్ 1969లో రాశాడు. అచ్చం మా ఊరే.

శంకరాభరణం: ముందు ఆ అచ్చు తేల్చండి. కొందరు "అత్త" అని, కొందరు "ఎత్తె" అని రాస్తారు, నెత్తిన రెండు చుక్కలతో. పలికేది రెంటికీ మధ్యన, పెదాలు గుండ్రం చేయకుండా. మన లిపిలో దానికి చోటే లేదు. ఇక అత్త ఎక్కడిది?

పుస్తకాలపురుగు: అసలు మజా "పోయ్‌తో"లో ఉంది. చాలా కారిబ్ భాషల్లో అల్లుడు, పనివాడు ఒకటే మాట. మామగారి పొలం నరకాలి, వేటాడి తేవాలి. తెల్లవాళ్ల వ్యాపారం వచ్చాక దానికే బానిస అనే అర్థం పట్టింది.

కడపకుర్రోడు: ఇల్లరికం అల్లుడు పాపం. మన బద్దెనేమో అల్లుడి మంచితనాన్ని తెల్లకాకుల పక్కన పెట్టాడు.

శంకరాభరణం: ఆ శతకం బద్దెనదేనని మీకెవరు చెప్పారు?

కడపకుర్రోడు: మళ్లీ మొదలెట్టారా మాస్టారూ.

గోదారిగట్టు: ఇంతకీ అత్తగారిని ఏమంటారు?

శంకరాభరణం: చుక్కలు రెండచ్చుల మీదా ఉన్నాయా, మొదటిదాని మీదేనా? అది చెప్పండి ముందు.