ఎలైట్ డేంజరస్‌లో గుర్రపు తల నెబ్యులా దగ్గరికి ఎలా వెళ్లాలి?

అన్నలూ, అక్కలూ, ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. గొల్లకావిడి చుక్కల్లో ఒకటైన ఆల్నిటాక్ పక్కనే కనిపించే గుర్రపు తల నెబ్యులా, అదే బర్నార్డ్ 33, చూడాలని బయల్దేరాను. భూమి నుంచి సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. నా ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కో జంప్‌కి 32 కాంతి సంవత్సరాల దాకా వెళ్లే నౌక, అంటే నలభై పైచిలుకు జంప్‌లు. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ రకం నక్షత్రాల దగ్గరే ఇంధనం దొరుకుతుంది కాబట్టి మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టుకున్నాను. (ఒకసారి ఇంధనం దొరకని గోధుమ మరుగుజ్జు నక్షత్రాల మధ్య ఇరుక్కుని, ఇంధనం అయిపోయినవాళ్లకి తెచ్చిచ్చే ఆటగాళ్ల బృందం ఫ్యూయల్ ర్యాట్స్‌ని పిలిచా. ఆ సిగ్గు ఇంకా పోలేదు.)

అసలు చిక్కేమిటంటే, ఆ నెబ్యులా ఉన్న హార్స్‌హెడ్ డార్క్ సెక్టార్‌లో ఏ సిస్టమ్ నొక్కినా పర్మిట్ కావాలంటోంది. ఆ పర్మిట్ సంపాదించే దారేమైనా ఉందా? లేకపోతే, పర్మిట్ అక్కర్లేని దగ్గరి సిస్టమ్ ఏది?

ఇంకొకటి. వెనకాల వెలుగును ధూళి అడ్డుకోవడం వల్లే కదా మనకు ఆ ఆకారం కనబడేది! మరీ దగ్గరికెళ్తే గుర్రం మాయమై ఉత్త నల్లమబ్బే మిగులుతుందా? ఫొటోకి ఎటువైపు నుంచి, ఎంత దూరంలో ఆగడం మంచిది?