11వ గ్రేడ్ సగం అయిపోయింది, కాలేజీల వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి? (టెక్సస్, హెచ్-4)

పెకాన్‌చెట్టు:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి డాలస్ దగ్గర పబ్లిక్ స్కూల్లో 11వ గ్రేడ్. 2027 ఫాల్‌లో కాలేజీలో చేరాలి. అన్‌వెయిటెడ్ (అదనపు పాయింట్లు కలపని) జీపీఏ 3.9, ర్యాంకు టాప్ 8%, అక్టోబర్ పీఎస్‌ఏటీ (శాట్‌కి ముందు రాసే నమూనా పరీక్ష) 1380. ఈ ఏడాది నాలుగు ఏపీలు (స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు): కాల్క్యులస్ ఏబీ, ఫిజిక్స్ 1, కంప్యూటర్ సైన్స్ ఏ, ఇంగ్లిష్ ల్యాంగ్వేజ్. కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది, డేటా సైన్స్ అయినా ఇష్టమే. మాకు హెచ్-1బీ ఉద్యోగ వీసా, తనకు మా మీద ఆధారపడిన హెచ్-4. గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది కానీ తనకి 21 నిండేలోపు (అప్పటితో హెచ్-4 అయిపోతుంది) గ్రీన్‌కార్డు వచ్చేలా లేదు. ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 35,000 డాలర్లకు మించి పెట్టలేం.

లిస్టు ఏ లెక్కన తయారు చేయాలి? ఇప్పటినుంచి ఆగస్టు దాకా ఏ పని ఎప్పుడు? హెచ్-4 వల్ల తేడా ఎక్కడెక్కడ వస్తుంది? అమ్మానాన్నలు ఎంతవరకు చేయి పెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

లెక్కలపుస్తకం:

పెకాన్‌చెట్టు గారూ, 35,000 అని ముందే తేల్చుకున్నారు, సగం పని అయినట్టే. ఆ అంకె అమ్మాయికి ఈ వారంలోనే చెప్పండి. ఏడాదికి ఇంత, నాలుగేళ్ళకి 1,40,000, అంతకు మించి లేదని. చాలా ఇళ్ళలో ఈ మాట అడ్మిషన్ చేతికొచ్చాక మార్చిలో బయటపడుతుంది. అప్పటికి పిల్లల మనసు ఒక క్యాంపస్ మీద పడిపోయి ఉంటుంది, వద్దనడం ఇద్దరికీ నరకం.

లిస్టుకి ర్యాంకింగులు పక్కన పెట్టి కామన్ డేటా సెట్ (కాలేజీలు తమ అడ్మిషన్, ఆర్థిక సాయం లెక్కలు పెట్టే ఫైలు) తెరవండి. కాలేజీ పేరు పక్కన ఆ మూడు మాటలు చేర్చి వెతికితే ఆ కాలేజీ వాళ్ళే పెట్టిన ఫైలు దొరుకుతుంది. పెద్దగా కనిపిస్తుంది కానీ మీకు కావలసింది నాలుగు చోట్లే. సీ7 అనే భాగంలో ఒక పట్టిక ఉంటుంది. మార్కులు, ర్యాంకు, టెస్టు స్కోరు, వ్యాసం, సిఫారసు ఉత్తరాలు ఒక్కోటీ ఒక్కో వరస. ఎదురుగా ‘చాలా ముఖ్యం’ నుంచి ‘చూడం’ దాకా నాలుగు గడులు. అందులో ‘అప్లికెంట్ ఆసక్తి’ అనే వరస తప్పకుండా చూడండి. అక్కడ ‘ముఖ్యం’ అని టిక్ ఉంటే అమ్మాయి ఆ కాలేజీ మెయిలింగ్ లిస్టులో చేరాలి, ఆన్‌లైన్ సెషన్లకి తన పేరుతో రిజిస్టర్ కావాలి. ‘చూడం’ అని ఉంటే ఆ శ్రమ వేరేచోట పెట్టవచ్చు. సీ9లో చేరినవాళ్ళ శాట్ స్కోర్లు 25, 75 పర్సెంటైళ్ళలో ఉంటాయి. సీ21లో ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే చేరి తీరాల్సిన ముందస్తు అప్లికేషన్) లెక్కలు. ఇక హెచ్2ఏ. ఆర్థిక అవసరం లేకపోయినా మెరిట్ డబ్బు ఎంతమందికి ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అన్నది ఎన్, ఓ వరసల్లో ఉంటుంది. ఎన్ వరసని మొదటి ఏడాది విద్యార్థుల సంఖ్యతో భాగించండి. నూటికి ఇద్దరికే ఇచ్చే చోట మెరిట్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది. ఈ అంకెలన్నీ యూనివర్సిటీ మొత్తానివి. కంప్యూటర్ సైన్స్ సీటు సంగతి వీటిలో కనపడదు, అది ఎప్పుడూ ఇంతకంటే కష్టం. కాబట్టి ప్రతి కాలేజీకీ ఒక ప్రశ్న వేయండి: అడ్మిషన్ యూనివర్సిటీకా, కాలేజీకా, మేజర్‌కా? అర్బానా-షాంపెయిన్‌లో ఇల్లినాయ్ వాళ్ళు నేరుగా మేజర్‌కే తీసుకుంటారు. వేరే మేజర్‌లో చేరి తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారతామంటే దారి దాదాపు మూసుకుపోయినట్టే. టెక్సస్ ఏ అండ్ ఎంలో అది ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది. అక్కడ మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజనీరింగే, ఆ ఏడాది జీపీఏని బట్టి తర్వాత బ్రాంచి. ఇది తెలియకుండా చేరితే రెండో ఏడాది కంగారు.

యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) సంగతి. 2026 ఫాల్ నుంచి స్కూలు ర్యాంకుని బట్టి వచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ టాప్ 5%కే. మీ అమ్మాయి 8% కాబట్టి ఫైలు మొత్తం చదివే పద్ధతిలోకి వస్తుంది. ఆ 5%లో ఉన్నా గ్యారంటీ యూనివర్సిటీకే, మేజర్‌కి కాదు. ఏ అండ్ ఎంకి మాత్రం టాప్ 10% నియమం ఇంకా ఉంది, కానీ ఇంజనీరింగ్ సీట్లు నిండిపోతాయి. ఆగస్టు 1న అప్లికేషన్ తెరుచుకోగానే పంపేయాలి.

లిస్టుకి 8 నుంచి 10 చాలు. అందులో రెండు ఖాయమైనవి ఉండాలి. ఖాయం అంటే అడ్మిషన్ నియమం రాతపూర్వకంగా ఉండాలి, ఖర్చు మీ 35,000 లోపు ఉండాలి, మీ అమ్మాయి అక్కడికి ఇష్టంగా వెళ్ళేలా ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది ఖాయం కాదు. పర్డ్యూ, ఇల్లినాయ్, కాలిఫోర్నియా యూసీలు (అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు) బయటి రాష్ట్రం రేటుకి మీ బడ్జెట్ దాటిపోతాయి. మెరిట్ వస్తే చూద్దాం అనుకుంటే సరే, కానీ వాటిని లిస్టులో అడుగున పెట్టండి.

నల్లరేగడి:

హెచ్-4 విషయం నేను చెబుతాను. ఇక్కడ మూడు ప్రశ్నలు వేరువేరుగా చూడాలి, జనం కలిపేసి తికమకపడతారు.

ఒకటి, ఫీజు. టెక్సస్‌లో హెచ్-4 పిల్లలకి అమ్మానాన్నల నివాసాన్ని బట్టి ఇన్‌స్టేట్ ఫీజు (రాష్ట్రంవాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) వస్తుంది. హెచ్-1బీ, హెచ్-4 రెండూ ఇక్కడ డొమిసైల్ (స్థిర నివాసం) ఏర్పరచుకోగల వీసాలే. రెండు, ఆర్థిక సాయం. ఫాఫ్సా (ఫెడరల్ సాయం అప్లికేషన్) ద్వారా వచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ లోన్లు హెచ్-4కి లేవు. ప్రైవేటు లోనుకి సాధారణంగా సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు గానీ కోసైన్ చేయాలి (హామీగా సంతకం). పీఎస్‌ఏటీ మీద ఇచ్చే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి కూడా ఐ-140 దశ సరిపోదు. మూడు, అడ్మిషన్. చాలా ప్రైవేటు కాలేజీలు హెచ్-4ని ఇంటర్నేషనల్ గుంపులోనే చూస్తాయి. సాయం కావాలని టిక్ పెడితే అడ్మిషన్ నిర్ణయంలో అది లెక్కలోకొస్తుంది. ఇంటర్నేషనల్ పిల్లలకి కూడా డబ్బు సంగతి చూడకుండా అడ్మిషన్ ఇచ్చి అవసరమంతా తీర్చేవి కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ వాటిలో ఉన్నాయి. అవన్నీ అందరికీ కొండమీది కోతులే కాబట్టి ఒకటో రెండో చాలు.

నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోను మీరు కట్టాల్సింది అంచనా వేసేది) దగ్గర జాగ్రత్త. 2011 నుంచి ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ దీన్ని తన సైటులో పెట్టాలి. కానీ అది సిటిజన్ విద్యార్థిని ఊహించుకుని లెక్క వేస్తుంది. చివర్లో వచ్చిన అంకెలో ఫెడరల్ గ్రాంటు అని ఉన్న వరస మీరు తీసేసి మళ్ళీ కూడుకోవాలి. ‘వర్క్ స్టడీ’ అనే వరస కూడా తీసేయండి, హెచ్-4 మీద క్యాంపస్ ఉద్యోగం చేయకూడదు.

ఇదే అసలు కష్టం. హెచ్-4 మీద కాలేజీ చదవవచ్చు గానీ జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ కుదరదు, సీపీటీ, ఓపీటీ (విద్యార్థి వీసాతో వచ్చే పని అనుమతులు) ఉండవు. అందుకని చాలామంది 21 దాకా ఆగకుండా ముందే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారతారు. మారితే టెక్సస్‌లో డొమిసైల్ హక్కు ఎఫ్-1కి లేదు. మార్చేముందు ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి: ‘హెచ్-4 మీద రెసిడెంటుగా చేరి, మధ్యలో ఎఫ్-1కి మారితే నా ఫీజు వర్గం ఏమవుతుంది?’ అని. జవాబు రాతలో ఉండాలి, ఫోన్లో విన్నది పనికిరాదు.

దీనికి ఒక ఊరట ఉంది, చాలామందికి తెలియదు. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీలో కనీసం 1,000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే నాన్‌రెసిడెంటుకి కూడా ఇన్‌స్టేట్ ఫీజు ఇవ్వడానికి చట్టంలో వీలుంది. అందరికీ ఇవ్వరు, పరిమితి ఉంది. అయినా స్కాలర్‌షిప్ మొత్తం చిన్నదని వదిలేయకండి, దాని వెనకాల వచ్చే ఫీజు తేడా అంతకంటే చాలా పెద్దది.

పెకాన్‌చెట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. క్యాలిక్యులేటర్‌లో మా అంకెలు ఎలా వేయాలో అర్థం కాలేదు. గుంటూరు దగ్గర పొలం, హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉన్నాయి. అవి చూపాలా? ఇంకోటి, శాట్ ఎప్పుడు రాయించాలి?

లెక్కలపుస్తకం:

చూపాలి. సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీ సొంత సాయానికి నింపే ఆర్థిక వివరాల ఫారం) అడిగే కాలేజీల్లో మీరు ఉండే ఇల్లు కాక మిగతా ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కే. ఇవాళ్టి మార్కెట్ విలువలోంచి దాని మీదున్న అప్పు తీసేసి డాలర్లలో వేయండి. 401కే రిటైర్‌మెంట్ ఖాతాలో దాచిన మొత్తాన్ని అడుగుతారు గానీ చాలా కాలేజీలు దాన్ని ఆస్తిగా లెక్కవేయవు. గ్రీన్‌కార్డు, సిటిజన్ కుటుంబాలు ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక మాట: 2027 ఫాల్‌లో చేరే పిల్లలకి ఫాఫ్సా చూసేది 2025 ఆదాయం. ఆ ఏడాది అయిపోయింది. పిల్లల పేరున ఉన్న యూటీఎంఏ ఖాతాలో డబ్బుని ఫాఫ్సా 20% లెక్కన పట్టుకుంటుంది, తల్లిదండ్రుల 529 (కాలేజీ పొదుపు ఖాతా)లో ఉన్నదాన్ని 5.64%కి మించి పట్టుకోదు.

సుద్దముక్క:

శాట్, ఉత్తరాల సంగతి నేను చెబుతాను.

మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. అవసరమైతే ఆగస్టు. మే వద్దు. ఈ ఏడాది శాట్ మే 2న, ఏపీ పరీక్షలు మే 4న మొదలు. నాలుగు ఏపీలు రాసే పిల్లకి అది మోయలేని బరువు. దగ్గర్లోని సెంటర్లు ముందే నిండిపోతాయి, మార్చికి ఇవాళే రిజిస్టర్ చేయండి.

పరీక్ష 2 గంటల 14 నిమిషాలు. రీడింగ్ అండ్ రైటింగ్ రెండు మాడ్యూళ్ళు, ఒక్కోటి 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. మ్యాథ్ రెండు మాడ్యూళ్ళు, ఒక్కోటి 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికది వచ్చిందంటే ఎంత బాగా చేసినా స్కోరు ఒక గీత దాటదు. 1380 దగ్గర ఆగే పిల్లలు చాలామంది మొదటి మాడ్యూల్లో తొందరపడి తేలిక లెక్కలు తప్పుచేసేవాళ్ళే. శాట్ రాసే యాప్ బ్లూబుక్‌లో ఉన్న పూర్తి పరీక్షలని రెండు వారాలకొకటి చొప్పున వాడండి, ఒక్క నెలలో అవగొట్టొద్దు. ప్రతి తప్పుకీ ఒక నోటుబుక్కులో మూడు గడులు: ప్రశ్న ఏ రకం, నేను ఏమనుకున్నాను, అసలు దేన్ని చూడాల్సింది. రెండో గడి రాయకపోతే అదే తప్పు మళ్ళీ చేస్తారు. యూసీలు శాట్ అసలు చూడవు, యూటీ ఆస్టిన్‌కి శాట్ గానీ దాని బదులు రాసే ఏసీటీ గానీ తప్పనిసరి.

ఫిబ్రవరిలో 12వ గ్రేడ్ కోర్సుల ఎంపిక వస్తుంది. దీన్ని ఎవరూ కాలేజీ పనిగా అనుకోరు, కానీ అప్లికేషన్లో ఆ లిస్టు కనిపిస్తుంది. ఏబీ చేసిన పిల్ల కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేస్తూ సీనియర్ ఇయర్‌లో లెక్కలు తేలిక చేసుకుంటే చదివేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. ఏబీకి పై స్థాయి కాల్క్యులస్ బీసీ తీసుకోమనండి.

ఉత్తరాలకి ఈ ఏడాది పాఠం చెప్పిన ఇద్దరు టీచర్లు: ఒకరు లెక్కలో సైన్సో, ఇంకొకరు ఇంగ్లిషో హిస్టరీయో. ఏప్రిల్ నెలాఖరులో, ఏపీల హడావుడికి ముందు, తనే వెళ్ళి అడగాలి. చాలామంది టీచర్లు ఏడాదికి ఇన్నే అని లెక్క పెట్టుకుంటారు, ఆగస్టులో అడిగితే ఖాళీ ఉండదు. అడిగాక ఒక పేజీ కాగితం ఇవ్వాలి. అందులో ‘నేను కష్టపడి చదువుతాను’ అని రాస్తే టీచరు దాంతో ఏం చేయలేరు. ‘మూడో యూనిట్ టెస్టులో 68 వచ్చింది. టార్క్ లెక్కల్లో బలాల బొమ్మ గీయకుండా ఫార్ములా పెడుతున్నానని తెలిసింది. నాలుగు మంగళవారాలు ట్యుటోరియల్‌కి వచ్చాను, తర్వాతి టెస్టు 91’ అని రాస్తే ఆ టీచరుకి ఆ నాలుగు మంగళవారాలు గుర్తొస్తాయి, ఉత్తరం అక్కడినుంచి మొదలవుతుంది.

కామన్ యాప్ (చాలా కాలేజీలకి పనికొచ్చే ఒకే అప్లికేషన్) ఖాతా ఇప్పుడే తెరవచ్చు. స్కూలు ఈమెయిల్ వద్దు, గ్రాడ్యుయేషన్ తర్వాత మూసేస్తారు. టీచర్లని అందులో చేర్చేముందు ఉత్తరాలు చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టాలి.

మందారం:

అమ్మానాన్నలు ఎంతవరకు అని అడిగారు కదా. డబ్బు, వీసా కాగితాలు, క్యాలెండర్, ప్రయాణాలు మీవి. టీచర్లకి, అడ్మిషన్ ఆఫీసుకి వెళ్ళే ప్రతి ఈమెయిల్, ప్రతి ఫోన్ తనది. అమ్మ రాసిన ఈమెయిల్ పిల్ల పేరుతో వెళితే భాషలో తెలిసిపోతుంది. ఇంట్లో కాలేజీ మాట ఆదివారం ఒక గంట మాత్రమే, మిగతా ఆరు రోజులు ఎత్తకూడదు అని పెట్టుకోండి. నాలుగు ఏపీల మధ్య రోజూ భోజనం దగ్గర ఇదే మాటైతే పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేస్తుంది.

యాక్టివిటీస్ దగ్గర మీ సాయం పనికొస్తుంది. కామన్ యాప్‌లో పది గడులు, వర్ణనకి 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. ‘రోబోటిక్స్ క్లబ్బులో చురుగ్గా పాల్గొని టీమ్‌వర్క్, నాయకత్వం నేర్చుకున్నాను’ అంటే గడి వృథా. ‘డ్రైవ్‌ట్రెయిన్ డిజైన్ చేశాను, ఆరుగురు ఫ్రెష్‌మెన్‌కి క్యాడ్ నేర్పాను, విడిభాగాల లిస్టు, ఆర్డర్లు నా బాధ్యత’ అంటే పని కనిపిస్తుంది. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నదానికి వేరే గడులున్నాయి, వర్ణనలో మళ్ళీ రాయొద్దు. హోదాకి 50 అక్షరాల గడి కూడా విడిగా ఉంది. చెల్లిని చూసుకోవడం, ఇంట్లో పెద్దవాళ్ళ పని చూడటం కూడా యాక్టివిటీయే. మన పిల్లలు అది రాయరు, మీరే గుర్తుచేయాలి. ఈ జాబితా ఇప్పుడే ఒక షీటులో పెట్టండి, 9వ గ్రేడ్ నుంచి.

వ్యాసం 650 మాటలు. జూన్, జూలైలో రాయాలి. మీరు ఒక్కసారి చదివి, నిజం కానిది ఏమైనా ఉందా అని చూడండి, చాలు. వాక్యాలు దిద్దకండి.

పెకాన్‌చెట్టు:

ఎర్లీ డెసిషన్ పెడితే ఛాన్సు పెరుగుతుందంటున్నారు. పెట్టమంటారా?

లెక్కలపుస్తకం:

మీ పరిస్థితిలో వద్దు. అది కట్టుబడే ఒప్పందం, అమ్మాయి, మీరు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. వస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి, మెరిట్ ఆఫర్లు పోల్చుకునే వీలుండదు. హెచ్-4కి నెట్ ప్రైస్ లెక్క కూడా పక్కాగా రాదు కాబట్టి తెలియని ధరకి సంతకం పెట్టినట్టవుతుంది. ఎర్లీ యాక్షన్ (ముందే పంపి ముందే జవాబు తెలుసుకునే పద్ధతి) మాత్రం వీలైనచోట్ల పెట్టండి, వచ్చినా చేరి తీరాలని కట్టిపడేయదు.

నల్లరేగడి:

ఒక పని మర్చిపోకండి. టెక్సస్ రెసిడెన్సీకి చేరే ముందు 12 నెలలు ఇక్కడ ఉన్నట్టు రుజువు అడుగుతారు. ఐ-797లు (వీసా స్టేటస్ అప్రూవల్ నోటీసులు), అందరి ఐ-94లు (దేశంలోకి వచ్చిన రికార్డులు), లీజు గానీ ఇంటి కాగితం గానీ, జీతం స్లిప్పులు, టాక్స్ రిటర్నులు ఒక ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ మధ్యలో ఉంటే రసీదు కూడా చేర్చండి. హెచ్-4 గడువు తీరిన పాత కాగితం పంపితే చాలాచోట్ల ముందు నాన్‌రెసిడెంటుగా బిల్లు వేసేస్తారు, దాన్ని సరిచేయించుకోవడానికి సెమిస్టర్ మొదటివారాల్లో ఆఫీసు చుట్టూ తిరగాలి.