దసరా రోజు ఇంట్లో ఆడించడానికి రైలు ప్రశ్నలు, అక్షరాల ఆటలు కావాలి (పాలమూరు, నల్లగొండ లైన్లవే)

జడ్చర్ల ప్యాసింజర్:

దసరా సాయంత్రం జమ్మి ఇచ్చిపుచ్చుకుని, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ అయిపోయాక మా చుట్టాలందరం వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. ఈసారి అక్కడ రైలు క్విజ్ పెట్టే పని నాకు ఒప్పజెప్పారు. రైలు పిచ్చి ఉన్నది నాకూ మా మేనల్లుడికీ మాత్రమే. మిగతావాళ్లకి రైలంటే కాచిగూడ, తిరుపతి, అంతే. కానీ అందరూ ఆడాలని నా కోరిక.

వెతికితే ఎక్కడ చూసినా ఒకటే వరస. దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు ఎప్పుడు నడిచింది? 1853 ఏప్రిల్ 16న, బోరీబందర్ నుంచి ఠాణేకి, 34 కిలోమీటర్లు, మూడు ఇంజన్లు, వాటి పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్. మంచి విషయమే, కాదనను. కానీ మేనల్లుడు టక్కున చెప్పేస్తాడు, మా అమ్మమ్మ చూస్తూ కూర్చుంటుంది. ఆమె మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరమే ఉండే పాత లైన్) కాలం నుంచి ఈ లైన్‌లో తిరిగిన మనిషి. ఆమెకి తెలిసినన్ని సంగతులు మా ఇద్దరికీ కలిపినా తెలియవు. ఆమె నోరు విప్పాలంటే ప్రశ్న మన ఊళ్లది అయి ఉండాలి.

నేను కొన్ని రాసుకున్నాను. సీతాఫలాల్లో ఒక రకానికి మన లైన్‌లోని స్టేషన్ పేరే ఉంది, ఏది? బాలానగర్. సరిగ్గా దసరా రోజుల్లోనే ఆ కాయలు బుట్టలకొద్దీ వస్తాయి కాబట్టి ఇది అమ్మమ్మదే, రాసిపెట్టుకోండి. దీపావళి తర్వాత జాతర జరిగే దేవుడి పేరు పెట్టుకున్న స్టేషన్ ఏది? కురుమూర్తి. ఇంకొకటి, పండక్కి వేసే స్పెషల్ బండి నంబరు ఏ అంకెతో మొదలవుతుంది? సున్నాతో. దాని తర్వాత 7 ఉంటే ఆ బండి చాలావరకు మన దక్షిణ మధ్య రైల్వేది. అందుకే మనకి పండగ బండ్లన్నీ ఎక్కువగా 07తోనే కనిపిస్తాయి. ఆ జోన్ పుట్టింది కూడా గాంధీ జయంతి నాడే, 1966 అక్టోబర్ 2న. దసరా చాలాసార్లు ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి దాన్నీ కలుపుకున్నాను.

ఇలాంటివి ఇంకా కావాలి. ముఖ్యంగా అక్షరాల ఆటలు, పొడుపు కథలు. నా షరతు ఒక్కటే. పుస్తకం చదివినవాళ్లకీ, కిటికీ పక్కన కూర్చుని చూసినవాళ్లకీ జవాబు సమానంగా దొరకాలి. నల్లగొండ వైపువాళ్లు కూడా సాయం చేయండి, మా వదిన పుట్టిల్లు తిప్పర్తి. ఆ లైన్ ప్రశ్నలు లేకపోతే ఊరుకోదు.

రిటైర్డ్ గార్డు (కాచిగూడ):

బాబూ, నీ షరతు నాకు బాగా నచ్చింది. నేను ఈ లైన్‌లో మీటర్ గేజ్ రోజుల నుంచి పనిచేశాను. 1990లలో బ్రాడ్ గేజ్ అయ్యింది. ఇప్పుడు గార్డు అనే పేరు కూడా లేదు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. దాన్నే ఒక ప్రశ్న చేసుకో.

మీ అమ్మమ్మగారి కోసం ఒక పొడుపు కథ ఇస్తాను, మా రన్నింగ్ రూమ్‌లో (బండి సిబ్బంది విశ్రాంతి తీసుకునే గది) అనుకునేవాళ్లం:

చేతికి అందేది గాజు,
గాజుకి వేలాడేది సంచి,
సంచిలో దాగింది గుండు,
గుండు లేనిదే బండి కదలదు.

జవాబు టోకెన్. సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా ఈ ఏర్పాటు. రెండు స్టేషన్ల మధ్య ఒక్క గుండు మాత్రమే బయటికి వచ్చేలా మిషన్లు ఉండేవి. ఇటు స్టేషన్ మాస్టర్, అటు స్టేషన్ మాస్టర్ మాట్లాడుకుని ఒప్పుకుంటేనే ఆ ఇనుప గుండు మిషన్‌లోంచి వచ్చేది. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తం రింగుకి కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి పైకెత్తి పట్టుకునేవాడు. బండి ఆగకుండా వెళ్తుంటే ఇంజన్‌లోంచి చెయ్యి చాపి, రింగులోకి మోచేతి దాకా దూర్చి లాక్కునేవాళ్లు. రాత్రిపూట అయితే పాయింట్స్‌మన్ పక్కన కాగడా వెలుగుతుండేది. వేగం కాస్త ఎక్కువైతే రింగు తగిలి చెయ్యి వాచిపోయేది. అది చూసినవాళ్లు మరిచిపోరు, మీ అమ్మమ్మగారు తప్పకుండా చెబుతారు.

ఇంకొకటి. రైలు చివరి పెట్టె వెనక పసుపు రంగులో పెద్ద ఇంటూ గుర్తు ఎందుకు ఉంటుంది? అక్కడే ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) అనే చిన్న బోర్డు, రాత్రయితే ఎర్ర దీపం కూడా ఉంటాయి. బండి దాటిపోతుంటే స్టేషన్‌వాళ్లు చూసేది వాటికోసమే. అవి కనిపించాయంటే బండి మొత్తం వచ్చేసినట్టు. కనిపించలేదంటే మధ్యలో ఎక్కడో లింకు తెగి కొన్ని పెట్టెలు వెనకే ఉండిపోయాయేమో అని అనుమానం. అది తేలేదాకా వెనకబండికి లైన్ క్లియర్ ఇవ్వరు.

పిల్లలకి ఒక ఆట. దసరా కాబట్టి ముగ్గుపిండి ఎలాగూ ఉంటుంది. వాకిట్లో ఒక గీత గీసి, రెండో పట్టా ఎంత దూరంలో ఉంటుందో అందాజాగా గీయమను. బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, పాత మీటర్ గేజ్ 1,000. టేపు పెట్టి కొలువు. చాలామంది బ్రాడ్ గేజ్‌ని తక్కువ చేసి గీస్తారు, చూడు.

మిర్యాలగూడ టీచర్:

తమ్ముడూ, మీ వదిన తరఫున నేను వస్తున్నా. మా బడిలో తెలుగు చెబుతాను, అక్షరాల ఆటలు నాకు రోజూ ఉండే పనే.

మొదట అక్షరాల నిచ్చెన. రైలు నుంచి బండికి చేరాలి. ఒక్కో మెట్టు మీద ఒక్క అక్షరమే మార్చాలి, మధ్యలో వచ్చినవన్నీ అర్థమున్న మాటలై ఉండాలి. గుణింతం, సున్నా, ఒత్తు అన్నీ కలిపి ఒక అక్షరం అని ముందే చెప్పండి, లేకపోతే గొడవ అవుతుంది. నా జవాబు: రైలు, కాలు, కాడి, బండి. ఎడ్లబండి తోలిన పెద్దవాళ్లుంటే కాడి దగ్గర వెంటనే పట్టుకుంటారు. వేలు, వేడి మీదుగా వెళ్లినా చేరుకోవచ్చు. ఎన్ని దారులు దొరికితే అన్ని మార్కులు ఇవ్వండి. ఒకే జవాబు ఉన్న ఆటలో మొదటివాడు చెప్పగానే మిగతావాళ్లు చల్లబడిపోతారు.

తర్వాత తిరగేసి చదివే మాటలు. "రైలెక్కగానే చాలామంది తీసేది, ఎటు నుంచి చదివినా ఒకటే." కునుకు. "టిఫిన్ బాక్స్ మూత తీయగానే పులిహోరలోంచి ముక్కుకి తగిలేది, ఎటు నుంచి చదివినా ఒకటే." పులుపు. ఎవరైనా కిటికీ అంటారు, ఒప్పుకోకండి. చివర దీర్ఘం ఉంది, తిరగేస్తే కుదరదు.

ఇక నాకు బాగా ఇష్టమైనది, మీ లైన్‌నీ మా లైన్‌నీ కలిపేది. "పాలమూరు లైన్‌లో ఒక స్టేషన్ మొదటి అక్షరం, నల్లగొండ లైన్‌లో ఒక స్టేషన్ మొదటి అక్షరం పక్కపక్కన పెడితే, తొమ్మిది రోజులు పూజించే అమ్మ వస్తుంది." దేవరకద్ర, విష్ణుపురం. దేవి!

పొడుపు కథ కూడా ఒకటి రాశాను:

కొండలు రెండు, కాళ్లు లేవు, రాత్రంతా నడుస్తాయి.
ఒకటి నల్లగొండ మీదుగా, ఒకటి పాలమూరు మీదుగా,
తెల్లారితే ఏడుకొండలవాడి ఊళ్లో ఉంటాయి.

నారాయణాద్రి, వెంకటాద్రి. ఏడు కొండల్లో రెండింటి పేర్లు మన రెండు జిల్లాల బండ్లకి ఉన్నాయి, ఇంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? తిరుపతి వెళ్లే నారాయణాద్రి నంబరు 12734, వెంకటాద్రి 12797. రెండింటిలోనూ 12 తర్వాత 7 చూడండి. 2 సూపర్‌ఫాస్ట్‌కి, 7 మన జోన్‌కి. మీ సున్నా ఏడు ప్రశ్న పక్కనే పెట్టుకోవచ్చు.

మక్తల్ డెమూ:

అన్నా, అందరూ కాచిగూడ నుంచి కర్నూలు దాకా చెబుతున్నారు కానీ మా లైన్ మరిచిపోయారు. దేవరకద్ర నుంచి మరికల్, జక్లేర్, మక్తల్ మీదుగా కృష్ణ దాకా పట్టాలు పడ్డాయి. మహబూబ్‌నగర్ – మునీరాబాద్ లైన్ 1997-98లో మంజూరైతే, జక్లేర్ – కృష్ణ ముక్క 37 కిలోమీటర్లు 2023 అక్టోబర్ 1న జాతికి అంకితమైంది. ఆ రోజే కృష్ణ స్టేషన్ నుంచి కాచిగూడ – రాయచూర్ డెమూకి (డీజిల్‌తో నడిచే ప్యాసింజర్ బండి) జెండా ఊపారు. మా ఊళ్లో రైలు కూత వినడానికి పెద్దవాళ్లు అన్నేళ్లు చూశారు, ఒక్క ప్రశ్న అయినా పెట్టాలి.

నా ప్రశ్న: ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి బయల్దేరిన రైలు కృష్ణా నదిని ఎన్ని చోట్ల దాటుతుంది? మూడు చోట్ల. పై నుంచి కిందికి వస్తే, కృష్ణ స్టేషన్ దాటాక రాయచూర్ వైపు ఒకటి, గద్వాలకి ముందు ఒకటి, విష్ణుపురం దాటి పొందుగల వెళ్లేటప్పుడు ఒకటి. పుష్కరాలకి వెళ్లినవాళ్లు, తిరుపతి వెళ్లినవాళ్లు వంతెన రాగానే నదిలో పైసలు వేసి ఉంటారు కదా, గుర్తుపడతారు.

దీనికి తోక ప్రశ్న: గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు కృష్ణా నదిని దాటుతుందా? చాలామంది విజయవాడ పేరు వినగానే అవునంటారు. దాటదు. స్టేషన్ నదికి ఇవతలే ఉంది, బండి అక్కడి నుంచి వరంగల్ వైపు తిరిగిపోతుంది.

చిన్నపిల్లలకి: "ఉందా అని అడిగే స్టేషన్ ఏది?" ఉందానగర్. "ఊరు ఇక్కడ లేదు, ఇటు పో అని పేరులోనే దారి చూపించే స్టేషన్లు ఏవి?" వనపర్తి రోడ్, అలంపూర్ రోడ్. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. వనపర్తి ఊళ్లోకి వెళ్లాలంటే దిగి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. పేరు చివర రోడ్ ఉందంటే ఊరు దూరమని అర్థం, దేశమంతా ఇదే పద్ధతి.

జడ్చర్ల ప్యాసింజర్:

గార్డు సార్, టోకెన్ పొడుపు కథ ఇప్పుడే ఫోన్‌లో అమ్మమ్మకి చదివి వినిపించాను, పండగ దాకా ఆగలేకపోయాను. రెండో లైన్ పూర్తవకముందే "కాగడా పట్టుకుని నిలబడేవాడు కదరా" అంది. గుండు సంగతి మాత్రం ఆమెకి తెలియదట, సంచిలో ఉత్తరం ఉంటుందనుకునేదట. మీరు రాసింది మొత్తం చదివించుకుని విన్నది.

ముగ్గుపిండి పట్టాలతోనే మొదలుపెడతాను, దానికి చదువు అక్కర్లేదు, అందరూ లేచి నిలబడతారు. తర్వాత కదిలే కొండలు, నదిని దాటే ప్రశ్న. మక్తల్ తమ్ముడూ, నీ మూడు వంతెనలకి నేల మీదే కృష్ణ గీసి, మూడు చోట్ల జమ్మి ఆకులు పెట్టిస్తాను. 1853 ప్రశ్న మేనల్లుడి కోసం చివర్లో ఉంచుతా, వాడూ చిన్నబోకూడదు కదా. నాది కూడా ఒకటి కలిపాను: దసరా రోజు చూస్తే మంచిదని వెతుక్కునే పక్షి, పట్టాల పక్కన తీగల మీద కూర్చుని రైలు కిటికీలోంచి తరచూ కనిపిస్తుంది, ఏది? పాలపిట్ట.

టీచరక్కా, నిచ్చెన ఇంకొక్కటి కావాలి. చిన్నది, పండగది.

మిర్యాలగూడ టీచర్:

రైలు నుంచి పూజకి చేరండి. మధ్యలో ఒక్క మాటే ఉండాలి. జవాబు నేను రాయను.

మక్తల్ డెమూ:

రైలు, పూలు, పూజ. అక్కా, దీన్ని దసరా దాకా ఆపొద్దు, సద్దుల బతుకమ్మ నాడు పూలు పేర్చేటప్పుడే అడగమనండి.