జపాన్‌లో పెళ్లికీ చావుకీ నల్ల కిమోనోయేనా?

నీలిమందు: ఒక జపనీస్ సీరియల్ చూస్తున్నా. పెళ్లికొడుకు తల్లి నల్ల కిమోనోలో వచ్చింది. రెండు ఎపిసోడ్ల తర్వాత ఇంట్లో ఒకరు పోతే అక్కడా ఆడవాళ్లంతా నల్ల కిమోనోలే. చూసేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? అసలు నలుపు వాళ్లకి అశుభం కాదా?

పట్టుపోగు: నడుము కింద చూడండి, అక్కడే తెలిసిపోతుంది. పెళ్లికి కట్టేది కురోతోమెసోదె, పెళ్లయిన ఆడవాళ్లకి అంతకంటే లాంఛనమైన కిమోనో లేదు. పైనంతా నలుపే కానీ కింద అంచు చుట్టూ కొంగలు, పైన్ కొమ్మలు, విసనకర్రలు రంగురంగుల్లో ఉంటాయి, నడుముకి చుట్టే వెడల్పాటి పట్టీ, అదే ఓబి, బంగారు వెండి జరీతో మెరుస్తుంది, దాని మీద కట్టే తాడు తెలుపు. వధూవరుల తల్లులూ, పెళ్లయిన దగ్గరి బంధువులూ వేసుకుంటారు. స్నేహితురాలిగా వెళ్లినావిడ వేసుకోదు. చావుకి కట్టే మోఫుకు మీద ఒక్క పువ్వు కూడా ఉండదు. ఓబి, తాడు, చెప్పులు, చేతిసంచీ అన్నీ నలుపే, తెల్లగా కనిపించేవి లోపలి కాలరూ తబి మేజోళ్లే. రెండిటి మీదా ఐదు వంశచిహ్నాలుంటాయి: వీపు మీద ఒకటి, చేతుల వెనక రెండు, ఛాతీ మీద రెండు. అందుకే చిహ్నాలు చూసి పోల్చుకుందామంటే కుదరదు.

పాతపెట్టె: అశుభం సంగతికొస్తే, సంతాపానికి నలుపు అనేది వాళ్లకి మరీ పాత ఆచారమేం కాదు. అంతకుముందు తెలుపు కట్టేవాళ్లు. మెయిజీ కాలంలో (1868–1912) పాశ్చాత్యుల పద్ధతి చూసి పైవర్గాలు నలుపుకి మారాయి, జనం తర్వాత మారారు. అదే రోజుల్లో పెళ్లికూతుళ్లు కూడా పొడుగు చేతుల నల్ల ఫురిసోదె కట్టేవాళ్లు, పెళ్లయ్యాక ఆ చేతులు కత్తిరించి మళ్లీ వాడుకునేవాళ్లు. నలుపు మీద ఇంకో రంగు ఎక్కదు కాబట్టి ఇంకొకరి రంగు అంటనని మాటిచ్చినట్టట! నాకైతే ఆ కథ కంటే ఖరీదైన బట్ట వృథా కాకుండా చూసుకున్న తెలివే నచ్చింది.

అద్దకం: ఆ నలుపు తేలిగ్గా రాదు. ముందు నీలమో ఎరుపో అద్ది, దాని మీద నలుపు వేస్తారు, అప్పుడే లోతు వస్తుంది. పూర్వం వక్కతో కూడా అద్దేవాళ్లు. చిహ్నం రావాల్సిన చోట రంగు అంటకుండా జిగురు పూసి, తర్వాత ఆ తెల్లటి గుండ్రంలో సన్నటి గీతలు చేత్తో గీస్తారు. క్యోటోలో ఇది ప్రత్యేక వృత్తి, 1979లో ప్రభుత్వం సంప్రదాయ చేతిపనిగా గుర్తించింది.

నీలిమందు: థాంక్సండీ. మరి మగవాళ్లకో?

పట్టుపోగు: వాళ్లకి ఇంకా తిరకాసు, కిమోనో మీద వేసుకునే ఐదు చిహ్నాల నల్ల పైకోటు, హవోరి, రెండు చోట్లకీ అదే. ముందు కట్టే తాడు చూడండి, పెళ్లికి తెలుపు, చావుకి మామూలుగా నలుపో బూడిద రంగో.