బట్టీ చదువులోళ్లకి వ్యాపారం మీద మనసు పోదా?

కాలవగట్టు: మిడ్ పరీక్ష ముందు రాత్రి బిట్లు చదివి గట్టెక్కే పిల్లలకి సొంత వ్యాపారం మీద ఆసక్తి పుట్టదంటాను. బిట్టుకి జవాబు ముందే ఉంటుంది, రొయ్యల చెరువుకి ఉండదు. తెల్లారగట్ల 4కి నీళ్లలో ఆక్సిజన్ కొలవాలి, పొద్దున్నా సాయంత్రం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) రాయాలి, వారానికోసారి వలేసి సగటు బరువు తీసి మేత మార్చాలి. రోజూ కొంచెం చదివే అలవాటున్నోడే ఆ లెక్క ఇష్టంగా రాస్తాడు.

లంకతోట: ఆయ్, రోజూ చదివేవాడు 9 సీజీపీఏ తెచ్చుకుని క్యాంపస్ ఉద్యోగానికి పోతాడండి. చెరువుగట్టు ఎక్కేది బ్యాక్‌లాగులోడే.

గోదారోడు: 4కి ఎందుకండీ, 5కి చాలు. ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే.

కాలవగట్టు: అందుకే 4 అన్నాను. రాత్రి ఎండుండదు, ఆక్సిజన్ తయారవదు, నాచు కూడా ఉన్నదాన్నే పీలుస్తుంది. పడ్డాక కొలిస్తే రొయ్య పైకి తేలిపోయి ఉంటుంది. ఏరేటరు, అదే నీళ్లలోకి గాలి కలిపే మిషను, వెయ్యడానికి టైముండాలిగా.

గోదారోడు: రాత్రంతా ఏరేటర్లు తిప్పేవాళ్లకి ఈ గొడవే లేదు.

రేకులబుట్ట: చెరువులొదిలేయండి బాబూ. ఆత్రేయపురం పూతరేకులకి ధర కట్టమంటే ఎంబీఏ పిల్లలు బియ్యం, నెయ్యి, పంచదార, కూలి కలిపి 100 రేకులతో భాగిస్తారు. 10 విరిగాయనుకోండి, 90తో భాగించాలి. రేకుకి 11 శాతం ఖర్చు పెరిగినట్టే. సూత్రం బట్టీ పట్టినోడికి విరిగిన రేకు కనపడదు.

లంకతోట: పిల్లలనంటారేంటండి? ఏటా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇచ్చేదెవరు? రికార్డు పొల్లుపోకుండా ఎత్తిరాస్తే పదికి పది వేసేదెవరు? కాలవగట్టు గారు పాఠం చెప్పే మనిషిలా ఉన్నారు, అందుకే తప్పంతా అటు తోస్తున్నారు.

కాలవగట్టు: మనిషి మీదకి రాకండి. పీఎంఈజీపీ, అదే సొంత వ్యాపారానికి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం, దాని కింద 10 లక్షల యూనిట్ అనుకోండి. జనరల్ వాళ్లు 10 శాతం, అంటే లక్ష సొంతంగా పెట్టుకోవాలి. పల్లెలో 25 శాతం సబ్సిడీ. రిపోర్టు నెట్ సెంటర్లో రాయించుకెళ్తారు. మేనేజరు "కరెంటు ఖర్చు ఏ లెక్కన వేశావు?" అంటే నోరు పెగలదు.

లంకతోట: ఆ లక్షే అసలు సంగతి! సబ్సిడీ చేతికివ్వరు, 3 ఏళ్లు డిపాజిట్టుగా ఉంచుతారు. కౌలు ముందే కట్టాలి. రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ వస్తే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. సొంత చెరువున్నోడి కొడుకు మళ్లీ సీడు (రొయ్య పిల్లలు) దింపుతాడు, కౌలోడి కొడుకు ఉద్యోగం వెతుక్కుంటాడు. ఇద్దరూ చదివింది అదే బిట్టు పేపరు.

రేకులబుట్ట: మరి చెరువులున్నోళ్ల పిల్లలు అమెరికా విమానం ఎందుకెక్కుతున్నారండి?

లంకతోట: అమెరికా సంబంధానికున్న రేటు చెరువుకి లేదు గనక.