మూతపడిన మిల్లు మళ్లీ తెరిస్తే పని ఎవరికి దొరుకుతుంది?

ప్రశ్న

నగరాల నడుమ మూతపడి ఉన్న మిల్లులను, గిడ్డంగులను బాగుచేసి కొత్త వ్యాపారాలకు ఇచ్చే పథకం ఏది వచ్చినా, చుట్టుపక్కల వారికి ఉపాధి దొరుకుతుందన్న మాట మొదటి పేజీలోనే ఉంటుంది. తీరా గేట్లు తెరిచాక చూస్తే, లోపల పనిచేసేవారు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒకప్పుడు ఆ మిల్లు కూతకు నిద్రలేచిన కుటుంబాలకు కాపలా పనీ, ఊడ్చే పనీ మిగులుతాయి. ఆ మాట నిలబడాలంటే ముందుగానే ఏం రాయించుకోవాలి? అలా నిలబడిన చోట్లు ఉన్నాయా?

జవాబు 1

ఉన్నాయి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నేవీ యార్డ్ 1801లో మొదలై 1966లో మూతపడిన నౌకా నిర్మాణ కేంద్రం. ఆ స్థలాన్ని నగర ప్రభుత్వం అమ్మివేయకుండా తన పేరు మీదే ఉంచుకుని, లాభాపేక్ష లేని సంస్థ ద్వారా అద్దెకిస్తోంది కాబట్టి, తయారీ పనులకు ఎంత చోటు ఉంచాలో, ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం దాని చేతిలోనే మిగిలింది. ఉద్యోగ నియామక కేంద్రం కూడా ఆ ఆవరణలోనే ఉంది. బ్రూక్లిన్‌లోనే 1992లో ఏర్పడిన గ్రీన్‌పాయింట్ మాన్యుఫ్యాక్చరింగ్ అండ్ డిజైన్ సెంటర్ పాత ఫ్యాక్టరీలను చిన్న చిన్న భాగాలుగా విడదీసి వడ్రంగులకు, లోహపు పనివారికి అద్దెకిస్తుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న భవనం గురించి కాదు, యాజమాన్యం గురించి.

జవాబు 2

యాజమాన్యంతో పాటు నిబంధనలోని ప్రతి పదాన్నీ కాపాడుకోవాలి. 1982 సమ్మె తరువాత ముంబయి బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిని అమ్మి అభివృద్ధి చేస్తే అందులో సుమారు మూడింట ఒక వంతు పార్కుల వంటి ప్రజల ఖాళీ స్థలాలకు, మరొక వంతు ప్రజల గృహాలకు పోవాలి. 2001లో ఆ లెక్కను మొత్తం మిల్లు భూమికి కాక, అందులో కట్టడాలు లేని భూమికే పరిమితం చేసేసరికి, ప్రజలకు దక్కవలసిన వాటా ఒక్కసారిగా కుంచించుకుపోయింది. ఆ సవరణను 2006లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఒక్క పదం అర్థం మారితే వేల కుటుంబాల ఆశ ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

జవాబు 3

కట్టడం వైపు నుంచి కొంత చెబుతాను. పాత నేతశాలల పైకప్పు రంపపు పళ్లలా ఉంటుంది, ఒక్కో పన్ను నిటారు వైపున అద్దాలు ఉంటాయి. ఉత్తర గోళంలో ఆ అద్దాలను ఉత్తరానికి తిప్పి కట్టింది నేతగాడి కంటికి ఎండ పొడ కొట్టకుండా రోజంతా సమమైన వెలుతురు అందడానికే. యంత్రాల బరువు మోసిన నేల లేతు మిషన్లనూ, ముద్రణ యంత్రాలనూ మోయగలదు. అలాంటి చోట కార్యాలయాలు పెట్టి, కుట్టుపని, వెల్డింగ్ వంటివి తెలిసిన మనిషిని బయట నిలబెట్టడం భవనానికీ అన్యాయమే. అయితే పాత రంగుల్లో సీసం, రేకుల్లో ఆస్బెస్టాస్, మట్టిలో నూనెలు ఉండవచ్చు. వాటిని పరీక్షించి శుభ్రం చేసే ఖర్చు ఎవరిదో ముందే తేల్చకపోతే, ఆ భారమంతా చివరకు అద్దెలోకి చేరి చిన్న పనివారు నిలవలేరు. మరమ్మతు పనిలోనే ఇటుక పనిని, తలుపుల పనిని స్థానిక యువతకు నేర్పి, కూలి ఇచ్చి చేయిస్తే, భవనం తెరుచుకునే నాటికే కొందరి చేతికి వృత్తి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అయితే మూడు విషయాలు లీజులోనే రాయించమని కోరతాము: తయారీ పనులకు కేటాయించిన చోటును వేరే వాడకానికి మార్చకూడదు, అద్దె పెంపునకు ఏటా ఒక పరిమితి ఉండాలి, స్థానికులను ఎంతమందిని తీసుకున్నారో ప్రతి సంవత్సరం బహిరంగంగా ప్రకటించాలి. మట్టి పరీక్ష ఖర్చు సంగతి మాకు తట్టనే లేదు. సంతకాలకు ముందే దానిని కూడా అడుగుతాము.